గుర్రానికి గుప్పెడు గడ్డి

మా మేనత్త పోయిన పదకొండో రోజు, భోజనాలన్నీ అయ్యాక, ఆవిడ ట్రంకుపెట్టె తెరిచాం. అది ఎవరికి చెందాలన్న గొడవేమీ రాలేదు, ఎవరికీ అక్కర్లేదు కాబట్టి. పైన నాలుగు పాత చీరలు, పోస్టాఫీసు పాసుబుక్కు, అరిగిపోయిన గంధపు చెక్క. అడుగున బనియను గుడ్డలో చుట్టిపెట్టిన ఇత్తడి బిళ్ళ. గుడ్డ విప్పగానే చింతపండు పులుపు, ఇత్తడి కలిసిన వాసన గుప్పుమంది. అంటే అత్త మొన్నమొన్నటిదాకా దాన్ని తోముతూనే ఉందన్నమాట. నలభై ఏళ్ళ పైన అయింది తాత పోయి.

మా తాత బిళ్ళ బంట్రోతు. మద్రాసు సెయింట్ జార్జి కోటలో సెక్రటేరియట్‌లో ఉద్యోగం. తెల్ల కోటు, భుజం మీంచి ఎర్ర దవాలి, దాని మీద ఈ బిళ్ళ. మా ఇంట్లో ఎవరూ సెక్రటేరియట్ అనేవాళ్ళు కాదు, కోటాఫీసు అనేవాళ్ళు. బిళ్ళ మీద తాత పేరు లేదు. ఒక నంబరుంది, అదీ సగం అరిగిపోయింది.

బావ (అత్త కొడుకు) దాన్ని నా చేతిలో పెట్టి, "నువ్వే ఉంచుకోరా. దయ్యాల కథలన్నీ తాత నీకే కదా చెప్పింది" అన్నాడు. అబద్ధం. ఇద్దరికీ చెప్పాడు. వాడు నిద్రపోయేవాడు.

* * *

కొత్వాల్ చావడి వెనక సందులో మా ఇల్లు. కూరగాయల మార్కెట్టు కోయంబేడుకి పోకముందు మాట. తెల్లవారుజామున మూడింటికే లోడు బళ్ళు దిగేవి. ఎద్దుల మెడలో గంటలు, కూలీల కేకలు, తడిసిన గోనెసంచులు నేల మీద పడే చప్పుడు. ఆ గోలలో పుట్టి పెరిగినవాళ్ళకి నిశ్శబ్దమే భయం. దయ్యాలు తిరిగేది రాత్రి పదకొండు నుంచి మూడు దాకా అని తాత లెక్క చెప్పేవాడు. సరిగ్గా మార్కెట్టు మూసిన వేళకీ తెరిచే వేళకీ మధ్య.

ఎండాకాలం అందరం మిద్దె మీదే పడక. సాయంత్రం అవ్వ బిందెలతో నీళ్ళు చల్లేది, కాలిన సున్నం బుస్సుమని ఆవిరి వదిలేది. చాపలు పరిచాక తూర్పు వైపు హైకోర్టు గుమ్మటం కనిపించేది. అప్పట్లో లైట్‌హౌస్ దాని మీదే ఉండేది. 1894 నుంచీ అక్కడే. మెరీనాలో ఇప్పుడున్న ఎర్ర తెలుపు చారల లైట్‌హౌస్ 1977లో వచ్చింది. గుమ్మటం మీంచి వెలుగు వచ్చేది, పోయేది. వచ్చినప్పుడు బావ మొహం, అవ్వ ముక్కుపుడక, ఆరేసిన పంచె కనిపించేవి. పోయినప్పుడు ఏమీ లేదు. తాత కథ చెప్పడంలో ఒక కిటుకుండేది. అసలు మాట చీకట్లోనే చెప్పేవాడు. వెలుగొచ్చినప్పుడు ఆగి చుట్ట పీల్చేవాడు.

"కోట దొరలది కాదు అబ్బయా. స్థలం మనోళ్ళది" అని మొదలయ్యేది ప్రతి కథా. 1639లో ఈ ఇసక తిన్నెని ఈస్టిండియా కుంఫిణీ వాళ్ళకి రాసిచ్చింది దామెర్ల వెంకటాద్రి నాయకుడు. వాళ్ళ నాన్న చెన్నప్ప నాయకుడి పేరనే చెన్నపట్నం. ఇదంతా తర్వాత పుస్తకాల్లో చదువుకున్నాను. తాత చెప్పినప్పుడు మాత్రం, దామెర్ల వాళ్ళు మా పక్కింటి వాళ్ళనీ, తొందరపడి స్థలం చవగ్గా ఇచ్చేశారనీ అనిపించేది. అంత బాధగా చెప్పేవాడు.

ఆ రోజుల్లో సముద్రం కోట గోడ దాకా ఉండేదట. హార్బరు కట్టాక ఇసక మేటవేసి అలలు వెనక్కి పోయాయి, మధ్యలోంచి రోడ్డొచ్చింది. హార్బరు లేనప్పుడు ఓడలు దూరంగా లంగరు వేసేవి. మనుషులు మసూలా పడవల్లో ఒడ్డుకి రావాలి. మేకుల్లేకుండా, పలకలని కొబ్బరి పీచు తాళ్ళతో కుట్టిన పడవలు. అలల మీద ఎగిరిపడ్డా విరగవు. కానీ బోల్తా కొడతాయి. ఇంగ్లండు నుంచి ఆరు నెలలు ఓడలో వచ్చి, ఒడ్డు కనపడుతుండగా ఆఖరి ఫర్లాంగులో మునిగిపోయిన దొరలూ దొరసానులూ ఉన్నారట. "వాళ్ళకి పాపం చేరామో లేదో తెలీదు. అందుకే సముద్రం గేటు దగ్గర తడి బట్టలతో నిలబడి, లోపలికి రావచ్చునా అని అడుగుతారు" అనేవాడు తాత.

"నువ్వేమంటావు తాతా?"

"చీటీ ఉందా అంటాను."

బంట్రోతు బుద్ధి అది. దయ్యానికైనా చీటీ ఉండాల్సిందే.

* * *

తాత దగ్గరున్న దయ్యాల్లో పెద్దది గుర్రపువాడిది.

ఏల్ దొర కోటకి గవర్నరుగా ఉన్నప్పుడు (అమెరికాలో యేల్ యూనివర్సిటీకి పేరిచ్చిన ఎలిహు యేల్ ఆయనే, 1687 నుంచి 1692 దాకా ఇక్కడ గవర్నరు) ఆయన దగ్గర ఒక గుర్రపువాడు ఉండేవాడట. ఒకరోజు చెప్పకుండా గుర్రం తీసుకుని గాలి కోసం ఊరు దాటి పోయాడు. రెండు మూడు రోజులు రాలేదు. వచ్చాక దొర వాణ్ణి ఉరి తీయించాడు. అంతే కథ. తాత దానికి అతికించిన తోక వేరు. వాడు చచ్చాక గుర్రం గడ్డి ముట్టడం మానేసిందట, పది రోజులకి అదీ పోయిందట. ఇప్పుడు రాత్రుళ్ళు కోట రాళ్ళ మీద డెక్కల చప్పుడు వినిపిస్తే అది గుర్రం తన మనిషిని వెతుక్కోవడం.

"నువ్వు విన్నావా?"

"నైట్ డ్యూటీ చేసినోడు ఎవడు విన్లేదు చెప్పు?"

రెండోది క్లైవు దొర పిస్తోలు. ఈ కథ నిజంగానే ఊరూరా చెప్పుకునేది. 1744లో పద్దెనిమిదేళ్ళ కుర్రాడు గుమాస్తాగా ఇక్కడికొచ్చాడు. జీతం తక్కువ, ఎండ ఎక్కువ, మాట్లాడే దిక్కు లేదు. ఒకరోజు దిగులెక్కువై పిస్తోలు తలకి పెట్టుకుని నొక్కాడు. పేల్లేదు. మళ్ళీ నొక్కాడు. పేల్లేదు. తర్వాత ఎవరో వచ్చి అదే పిస్తోలు కిటికీలోంచి పేలిస్తే ఠప్పున పేలిందట. దేవుడు నన్ను దేనికో ఉంచాడు అనుకున్నాడట క్లైవు. తాత దీన్ని ఒప్పుకునేవాడు కాదు.

"దేవుడికేం పని? దయ్యాలే అడ్డం పడ్డాయి. ఉన్నవాళ్ళకే కోటలో చోటు చాల్లేదు, ఇంకో దొర దయ్యం ఎందుకని గుర్రపువాడే మందు తడిపేశాడు."

బడిలో ప్లాసీ యుద్ధం చదివిన సంవత్సరం నేను అడిగాను, అప్పుడే పోనిచ్చుంటే దేశం బాగుపడేది కదా అని. తాత చాలాసేపు చుట్ట పీల్చాడు. వెలుగు రెండు మూడుసార్లు వచ్చి పోయింది.

"దయ్యాలకి రాజకీయం తెలీదురా" అన్నాడు.

* * *

నాకు మటుకు అన్నిటికంటే భయమేసింది రాళ్ళ కథ.

కోటకి ఉత్తరాన, తర్వాత లా కాలేజీ కట్టిన చోట, తొలినాళ్ళ ఇంగ్లీషు వాళ్ళ శ్మశానం ఉండేది. పెద్ద పెద్ద సమాధులు, మండపాల్లాంటివి. 1758 చివర్లో ఫ్రెంచి సేనాపతి లాలీ వచ్చి కోటని చుట్టుముట్టాడు. అతని సిపాయిలు ఆ సమాధుల చాటునే దాక్కుని కోట మీదికి కాల్చారు. ముట్టడి ముగిసి ఫ్రెంచి వాళ్ళు పోయాక, మళ్ళీ ఎవడూ దాక్కోకుండా ఇంగ్లీషు వాళ్ళు సమాధులన్నీ కూలగొట్టారు. పేర్లు చెక్కిన పలకలు మాత్రం ఊడదీసి తెచ్చి, కోటలో సెయింట్ మేరీ చర్చి చుట్టూ నేల మీద పరిచారు. హైదరాలీ భయం వచ్చినప్పుడు వాటిలో కొన్నిటిని ఫిరంగులు నిలబెట్టడానికి పీఠాలుగా కూడా వాడారు. ఇందులో తాత కల్పించింది ఏమీ లేదు. అంతా జరిగిందే.

"చచ్చినోళ్ళ తలకింద దిండు లాగేశారు అబ్బయా" అనేవాడు తాత. "మనిషి అక్కడ, పేరు ఇక్కడ. రాత్రి పన్నెండు దాటితే వాళ్ళంతా లా కాలేజీ నుంచి లేచి, రోడ్డు దాటి, కోటలోకొచ్చి, వంగి వంగి రాళ్ళు చదువుకుంటారు. ఏది ఎవరిదో తెలీదు. ఒకడి రాయి మీద ఇంకొకడు. గొడవలు."

పగలు మా నాన్నతో అటు బస్సులో పోతే నేను కిటికీలోంచి రోడ్డుని చూసేవాణ్ణి. ఇంత ట్రాఫిక్‌లో ఎలా దాటతారా అని.

రెండు సమాధులు మాత్రం కూల్చకుండా వదిలేశారు. అందులో ఒకటి హిన్మర్స్ అనే కుంఫిణీ అధికారిది, శిఖరంలా కోసుగా ఉంటుంది. అతను పోయాక అతని భార్యని యేల్ పెళ్ళి చేసుకున్నాడు. సెయింట్ మేరీ చర్చి 1680లో తెరిచిన కొత్తల్లో జరిగిన పెళ్ళి అది. వాళ్ళ కొడుకు డేవిడ్ పసితనంలోనే పోతే, వాణ్ణి కూడా ఆ సమాధిలోనే పెట్టారు. మొదటి మొగుడూ, రెండో మొగుడి కొడుకూ ఒకే గోపురం కింద. మా అవ్వకి ఈ ముక్క చెబితే చాలు, "ఆ తల్లి ఏమయిందో" అని కళ్ళొత్తుకునేది. దయ్యాల కథలకి అవ్వ భయపడగా నేను చూళ్ళేదు, ఏడవడం మాత్రం చూశాను.

బావా నేనూ ఒక సాయంత్రం ట్యూషన్ ఎగ్గొట్టి ఆ సమాధి చూడ్డానికి పోయాం. మసక చీకటి. కాకులు గూళ్ళకి చేరుతున్నాయి. లా కాలేజీ ఎర్ర గోడల మధ్యలోంచి వెళ్తే అదిగో గోపురం. దాని మెట్టు మీద పొడుగ్గా ఏదో ఉంది. బావ "గోనెసంచి" అన్నాడు. గోనెసంచి లేచి కూర్చుంది. గొంతు సవరించుకుని టైమెంత అని అరవంలో అడిగింది. మేం చెప్పలేదు. పారిస్ కార్నర్ దాకా ఆగకుండా పరిగెత్తాం. నా కుడికాలి చెప్పు అక్కడే పోయింది. ఎవరో రిక్షా ఆయన కునుకు తీస్తున్నాడని ఇప్పుడు చెప్పగలను. ఆ రాత్రి చెప్పు సంగతి అడిగి అమ్మ వీపు వాయగొట్టింది. తాత మాత్రం తాపీగా, "టైమడిగాడా? అయితే తొందరగా లేచుంటాడు పాపం. పన్నెండు కాలేదని చెప్పి ఉండాల్సింది" అన్నాడు.

* * *

ఎమ్డెన్ సంగతి చెప్పకపోతే తాత ఒప్పుకోడు. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ ఓడ ఎమ్డెన్ వచ్చి హార్బరు పక్కన కిరసనాయిలు ట్యాంకుల మీద గుండ్లు పేల్చింది. ఒక గుండు హైకోర్టు గోడకీ తగిలింది, అక్కడ పలక ఉంటుంది. తాతకప్పుడు ఏడెనిమిదేళ్ళు. ఆకాశం ఎర్రగా అయిపోయిందట. మర్నాడు సగం పట్నం మూటలు నెత్తిన పెట్టుకుని ఖాళీ. మా వాళ్ళు నెల్లూరు రోడ్డు పట్టుకుని నడిచారట, రెడ్‌హిల్స్ దాకా పోయి కాళ్ళు నొప్పులని తిరిగొచ్చేశారట. ఎమ్డెన్ మళ్ళీ రాలేదు గానీ ఆ మాట పట్నంలో ఉండిపోయింది. గడుసువాణ్ణి ఇప్పటికీ "వాడు ఎమ్డన్" అంటారు. అవ్వ తాతని అలాగే అనేది.

దానికి కారణం కర్నూలు. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు కోటాఫీసులో తెలుగువాళ్ళు చాలామంది ఫైళ్ళతో సహా కర్నూలు పోయారు. అక్కడ ఆఫీసులు డేరాల్లో నడిచాయి. తాతనీ రమ్మన్నారు. ఆయన పోలేదు. అవ్వకి పోవాలనుంది. ఆవిడ పుట్టిల్లు కడప వైపు. ఎందుకు పోలేదంటే తాత ఇచ్చిన జవాబు మా ఇంట్లో తరాలుగా నవ్వులాట: "నేను పోతే వాళ్ళనెవరు చూసుకుంటారు?"

వాళ్ళంటే దయ్యాలు. అవ్వ మాత్రం, పారిస్ కార్నర్ హోటల్లో కాఫీ వదల్లేక ఉండిపోయాడని చెప్పేది. నా అనుమానం కూడా అదే, చాలా ఏళ్ళు.

* * *

తాత నన్ను కోటకి తీసుకుపోయింది ఒక్కసారే. రిటైరై చాలాకాలమైంది. పింఛను తీసుకున్న రోజు, గంజి పెట్టిన పంచె, చేతిలో గొడుగు. గేటు దగ్గర జవాను సలాం కొట్టాడు. అంత పెద్ద గేటు దగ్గర మా తాతకి సలాం! ఆ గర్వం నాకు చాలా రోజులుంది. పాత స్నేహితులతో మాట్లాడాక చర్చి వైపు నడిచాం. కోట గోడల లోపలి కమానుల్లోంచి గబ్బిలాల కంపు, తడి సున్నం వాసన. జెండా కంబం కింద నిలబడి పైకి చూస్తే మెడ పట్టేసింది. నూటయాభై అడుగుల టేకు కంబం.

చర్చి ముందర రాళ్ళు. నేను కథల్లో ఊహించుకున్నట్టు నిలబడి లేవు, నేలమీద పడుకుని ఉన్నాయి, మన ఇళ్ళల్లో బండలు పరిచినట్టు. అర్థంకాని లిపులు, కింద పుర్రె బొమ్మలు. 1652 నాటి ఎలిజబెత్ బేకర్ రాయి అక్కడే ఉంది. మన దేశంలో ఇంగ్లీషు వాళ్ళ సమాధి రాళ్ళలో అదే పాతదంటారు. మధ్యాహ్నం ఎండ. తాత చెప్పులు విడిచాడు. నన్నూ విడవమన్నాడు. బండలు పెనంలా ఉన్నాయి. నేను గంతులేస్తుంటే ఆయన మాత్రం నిదానంగా, ఏ పేరూ తొక్కకుండా, రాయికీ రాయికీ మధ్య సందులో అడుగులేస్తూ నడిచాడు. తాతకి ఇంగ్లీషు చదవడం రాదు. అయినా ఒక్క అక్షరం తొక్కలేదు.

తర్వాత వెనక వైపు ఒక గోడ దగ్గరికి తీసుకుపోయాడు. వంగి, పక్కనున్న గడ్డి గుప్పెడు పీకి, గోడ వారగా పెట్టాడు. నేను అడగలేదు. ఆయనే చెప్పాడు.

"వాడికి అన్నం పెట్టలేం. గుర్రానికైతే గడ్డి వేయొచ్చు గదా."

రోజూ వేసేవాడివా అని అడిగితే, డ్యూటీ ఉన్న రోజుల్లో అన్నాడు. ముప్పై ఏళ్ళ డ్యూటీ.

లైట్‌హౌస్ మెరీనాకి పోయిన ఏడాదికో రెండేళ్ళకో తాత పోయాడు. హైకోర్టు దీపం ఆరిపోయాక మిద్దె మీద కథలు అంతగా సాగలేదు. మాటకీ మాటకీ మధ్య ఆగడానికి ఆయనకి ఏమీ లేకపోయింది.

* * *

పెద్దయ్యాక చదివాను. యేల్ గుర్రపువాడి కథ హామిల్టన్ అనే ఓడ కెప్టెన్ రాసిపెట్టిన మాట. చరిత్రకారులు దాన్ని పూర్తిగా నమ్మరు. నాకు కోపమొచ్చింది, హామిల్టన్ మీద కాదు, చరిత్రకారుల మీద. అదే తాత సొంత పైత్యమనుకున్న ఇంకో ముక్క నిజమని తేలింది. హైకోర్టు కింద ఒక ఊరు పూడిపోయి ఉందనీ, రాత్రుళ్ళు గుడి గంట వినిపిస్తుందనీ చెప్పేవాడు. గంట సంగతి ఏమో గానీ ఊరు నిజమే. కోట బయట మనవాళ్ళుండే మొదటి నల్లపట్నం అక్కడే ఉండేది. కోట చుట్టూ ఖాళీ కావాలని దాన్ని తొలగించారు. అందులోని చెన్నకేశవస్వామి గుడిని 1757లో పడగొట్టారు. తర్వాత పూలబజారులో కట్టిన జంట గుళ్ళే ఇప్పటి పట్నం కోవెల. పండగలకి తాత మమ్మల్ని అక్కడికే తీసుకుపోయేవాడు. స్వామికి దణ్ణం పెట్టి, "ఈయన కూడా బదిలీ మీద వచ్చినాయనే" అనేవాడు.

క్రోంపేట నుంచి బీచ్ స్టేషన్‌కి ముప్పై ఏళ్ళు రోజూ రైల్లో తిరిగాను. బీచ్‌కి ముందు స్టేషన్ ఫోర్ట్. ఒక్కరోజూ దిగలేదు. అత్త పెట్టె తెరిచిన మర్నాడు దిగాను, బిళ్ళ జేబులో పెట్టుకుని.

గేటు దగ్గర మెటల్ డిటెక్టర్ కుయ్యిమంది. బిళ్ళ బయటికి తీసి చూపించాను. కానిస్టేబుల్ అమ్మాయి అటూ ఇటూ తిప్పి, "ఇదేంటి సార్?" అంది. మా తాత ఐడీ కార్డన్నాను. ఆధార్ ఉందా అంది. చీటీ ఉందా అన్నట్టే. తాతకి నచ్చి ఉండేది ఆ అమ్మాయి.

మ్యూజియం 1790ల నాటి ఎక్స్‌ఛేంజ్ భవనంలో ఉంది. పట్నంలో మొట్టమొదటి లైట్‌హౌస్ దీపం దాని మిద్దె మీదే వెలిగిందని అక్కడే తెలిసింది. 1947 ఆగస్టు 15 తెల్లవారుజామున ఈ కోట మీద ఎగరేసిన జెండా అద్దంలో ఉంది. కొంచెంసేపు నిలబడ్డాను. ఆ పొద్దున తాత అక్కడే ఎక్కడో డ్యూటీలో ఉండి ఉంటాడు. ఒక్కసారీ చెప్పలేదు. దయ్యాల గురించి అన్ని చెప్పాడు, ఇది చెప్పలేదు.

పాత టేకు కంబం పోయి ఉక్కుది వచ్చింది. రాళ్ళు అలాగే ఉన్నాయి. చెప్పులు విడిచి నడిచాను. రెండు మూడు పేర్లు తొక్కాను, మోకాళ్ళు సహకరించలేదు.

వెనక గోడ ఏదో పోల్చుకోలేకపోయాను. అటంతా కార్లు పార్క్ చేసి ఉన్నాయి. ఏదో ఒక గోడే అనుకుని, రాళ్ళ సందుల్లోంచి గడ్డి పీకాను. గుప్పెడు కాలేదు. వంగి పెడుతుండగా వెనక నుంచి పిలుపు. పెద్దాయన, సెక్యూరిటీ.

"సార్, ఇక్కడ ఏం పెట్టకూడదు."

"గడ్డే అండీ."

"గడ్డైనా పెట్టకూడదు సార్."

తీసి జేబులో వేసుకున్నాను. ఆయన అటు తిరిగేదాకా ఆగి మళ్ళీ పెడదామనుకున్నాను గానీ, ఆయన కదల్లేదు. ఎండలో అలాగే నిలబడ్డాడు.

రెండు రోజుల తర్వాత మా ఆవిడ వాషింగ్ మెషీన్ దగ్గర నుంచి కేకేసింది, ప్యాంటు జేబులో ఈ చెత్తేంటని. పారెయ్యకు, ఉంచు అన్నాను.